బల్ల మీది ఎండ

మా అక్క బొమ్మలు వేస్తుందంటే చాలామంది నమ్మరు. ఆసుపత్రిలో మందుల కౌంటర్ వెనక నిలబడి చీటీలు చదివే మనిషి. ఎంతటి డాక్టరు రాతనైనా చదివేస్తుంది కానీ, తనకోసం ఒక గంట మిగుల్చుకోవడం మాత్రం ఏనాడూ చేతకాలేదు. నాకు ముక్కు మీద కోపం. ఆవిడకి కోపమే రాదు. ఇద్దరికీ రావలసింది నా ఒక్కదానికే వచ్చినట్టుంది.

మొదట్లో ఫోన్‌తో తిండి ఫొటోలు తీసేది. వండినదాన్ని పళ్ళెంలో పొందిగ్గా సర్ది, కుర్చీ ఎక్కి పైనుంచి గురి చూసేసరికి పిల్లలు ఆగేవారు కాదు. ఆ ఫొటోల్లో ఏది చూసినా ఒక మూల నుంచి ఎవరిదో చెయ్యి వస్తూ ఉంటుంది. పోనీ పళ్ళని చూసి బొమ్మ వేద్దామని కూర్చుంటే, సగం గీసేలోపు జామకాయ ఎవరి కడుపులోకో వెళ్ళిపోయేది. "పోనీలే, ఆకలేసినట్టుంది" అని ఊరుకునేది. నాకు ఒళ్ళు మండేది.

చివరికి ఈ ఏడాది ఆదివారం పొద్దుటి పూట దక్కించుకుంది. ఆ రోజు ఇంట్లో అందరూ ఆలస్యంగా లేస్తారు. వాళ్ళది ఒకే గది, దాన్ని ఆనుకుని వంటగది, మధ్యలో తలుపు కూడా లేదు. వంటగది కిటికీలోంచి ఎండ వచ్చి బల్ల మీద అడ్డంగా పడుతుంది, కాసేపుండి పోతుంది. ఆ బల్ల, దాని మీద నీలం పళ్ళెం, సగానికి కోసిన బత్తాయి, వాటి పక్కన ఆ ఎండ. ఇదే ఆవిడ బొమ్మ. ఎండ ఉన్నంతసేపే పని కాబట్టి నెలలు పట్టింది.

ఎండకి ఏ రంగు వేస్తావని ఒకసారి అడిగాను.

"ఏమీ వెయ్యను. నీటి రంగుల్లో కాగితమే తెలుపు. చుట్టూ వేసుకుంటూ వచ్చి దాన్ని వదిలెయ్యాలి. ఒకసారి రంగు తగిలితే ఇక తెలుపు రాదు" అంది.

బల్లంతా గోధుమరంగు వేసేసింది. మధ్యలో తెల్లటి పట్టీ మిగిలింది. దాని అంచు కొంచెం సరిచేస్తే చాలు, వచ్చే ఆదివారంతో అయిపోతుందంది. సరిగ్గా ఆ ఆదివారమే ఎవరో సెలవు పెట్టారని డ్యూటీకి పిలిచారు. చెప్పులేసుకుంటూ బొమ్మవైపు చూసి "ఇవాళా పోయింది" అందట. ఆ మాట బావగారి చెవిన పడింది.

బావగారు కార్ల షెడ్డులో పెయింటరు. గీత పడి పెయింటు లేచిపోయిన చోట, పక్కనున్న రంగులో కలిసిపోయేలా పూయడం ఆయన పని. ఆయన చెయ్యి పడ్డాక గీత ఎక్కడుండేదో కారు ఓనరు కూడా కనిపెట్టలేడు. పైగా అక్కని పల్లెత్తు మాట అని ఎరగరు.

సాయంత్రం అక్కతోపాటు నేనూ వెళ్ళాను. బావగారు మొహం చేటంత చేసుకుని తలుపు తీశారు. బొమ్మ ఫ్రేములో గోడకి వేలాడుతోంది. బల్ల ఈ చివర నుంచి ఆ చివరికి గోధుమరంగే. ఆ రంగు కుదిరేదాకా పాత పేపరు నిండా కలిపి చూసుకున్నట్టున్నారు, ఆ పేపరు ఇంకా కిందే ఉంది.

"టైము లేదని నువ్వు బాధపడుతుంటే చూడలేకపోయాను. ఆ ఒక్క ముక్కే కదా మిగిలిందని నేనే పూర్తి చేసేశాను. ఎక్కడ కలిసిందో కనిపెట్టు చూద్దాం" అన్నారు.

అక్క దగ్గరికెళ్ళి చూసింది. నేను నోరు తెరవబోతే నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"తెలియట్లేదండీ. బాగా కలిసిపోయింది" అంది.

నిజంగానే తెలియడం లేదు. నాకు ఏడుపొచ్చింది.

మెట్ల దగ్గర ఆవిణ్ణి నిలదీశాను. ఆయనకి చెప్పమన్నాను. చెప్తే ఎండ తిరిగొస్తుందా, ఆయన మొహం చిన్నబోవడం తప్ప ఏమొస్తుంది అంది. పోనీ, ఇంకోటి మొదలుపెట్టమన్నాను.

"బొమ్మ అయిపోయిందని ఆయన అంత సంబరపడుతున్నారు. ఇక ఆదివారం దేనికని అడగనే?" అంది.

 

మరుసటి ఆదివారం నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. నిద్రలేచేసరికి బావగారు పిల్లల్ని కిందికి ఆడుకోవడానికి పంపేసి, చప్పుడు కాకుండా గిన్నెలు కడుగుతున్నారు. అక్క మంచం మీద వంటగది వైపు తిరిగి పడుకుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. బల్ల మీద ఎండ వచ్చింది.

నేను లేవడం చూసి, బావగారు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి చెప్పారు: "మీ అక్కని లేపకు. ఇన్నాళ్ళూ ఆదివారం కూడా నిద్ర లేదు తనకి. ఇప్పుడింక ఆ పని లేదుగా."

వెలుగు అక్క మొహం మీద పడుతుందేమోనని, మునివేళ్ళ మీద నడిచి వెళ్ళి కిటికీ కర్టెన్ లాగేశారు. ఆయన ఇటు తిరిగేసరికి అక్క కళ్ళు మూసుకుంది.