మూడు పూటల నీళ్ళు

ఆ శుక్రవారం ప్రార్థనకొచ్చిన ఆడవాళ్ళందరి ముందూ నోరు పారేసుకున్నాను. పాస్టరమ్మ ఉందని కూడా చూడలేదు.

"నీళ్ళు మిగిలితే బయట పారబొయ్యండి. మొక్క మొదట్ల ఎందుకు పోస్తరు? అదేమన్న కుడితి తొట్టా?"

సారపాకలో ఎస్టీడీ బూత్ పక్కన మాది రెండు గదుల కిరాయి ఇల్లు. ముందు గది కిటికీ దగ్గర డాల్డా డబ్బాలో ఒక మొక్క ఉండేది. వెడల్పాటి ఆకులు, వాటి మీద తెల్ల మచ్చలు. పేరేమిటో మాకు తెలియదు, షో మొక్క అనేవాళ్ళం. అమ్మ పనిచేసే బంగ్లాలో కొమ్మలు కత్తిరించి చెత్తలో వేస్తే, ఒక ముక్క కొంగులో చుట్టి తెచ్చింది. డబ్బాకు మేకుతో చిల్లులు కొట్టి, మట్టీ ఇసుకా కలిపి నాటింది. రోజూ మట్టిలో వేలు గుచ్చి చూసేది. వేలికి తడి అంటితే ఆ రోజు నీళ్ళు లేవు. పొడిగా ఉంటేనే ఒక గ్లాసు. పేపరు మిల్లుకు పోయే జామాయిల్ కర్ర లారీల దుమ్ము పేరుకుంటే ఒక్కో ఆకునూ తడిగుడ్డతో తుడిచేది. నాకు జడ వేసేటప్పుడు కూడా అంత ఓపిక చూపించలేదు మహాతల్లి!

ఆవిడ పోయి నాలుగు నెలలైంది. ఇంట్లో ఇప్పుడు నాన్నా నేనే. చీరలు చుట్టాలు పంచుకున్నారు. ఆమె చేత్తో పెంచినవాటిలో నేను కాక మిగిలింది ఆ మొక్కొక్కటే. అది కాస్తా పసుపు రంగుకు తిరిగి, కింది ఆకులు ఒక్కొక్కటే వాలిపోతున్నాయి. ఎప్పుడు వేలు పెట్టినా బురదే. నాకు ఒళ్ళు మండిపోయింది. మావాళ్ళకో అలవాటుంది. తాగగా మిగిలిన నీళ్ళు పారబోయడం పాపమన్నట్టు, కనబడిన మొక్కకు పోసేస్తారు. వారం వారం ప్రార్థనకు పదిమంది వస్తారు. ఇంకేం, దొంగలు దొరికారనుకున్నాను.

అందరూ తలలు దించుకున్నారు. ఒక ముసలావిడ మాత్రం బైబిలు సంచిలో పెట్టుకుంటూ నా వైపు చూసింది.

"అవ్ బిడ్డా, పోసినం. అబద్ధమెందుకు? కానీ మేమొచ్చేది వారానికి ఒక్కపూట. రోజూ బురదుంటాందంటే మీ ఇంట్లనే చూస్కో."

తప్పు చేసింది చాలక నాకే బుద్ధి చెబుతుందా అని ఇంకా మండింది. టీ తాగకుండానే అందరూ వెళ్ళిపోయారు. పోతే పోనీ అనుకున్నాను.

నేను బూర్గంపాడులో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మర్నాడు ఒంటిపూట బడి. మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి నాన్న మొక్క ముందు నిలబడి ఉన్నాడు. చేతిలో స్టీలు గ్లాసు, అంచుదాకా నీళ్ళు. మెల్లగా డబ్బాలోకి వంచుతున్నాడు.

"నువ్వా నాయినా!" గ్లాసు గుంజుకున్నాను. "నిన్న అంతమందిని తిడుతుంటే నోరు తెరిచి చెప్పొద్దా? ఎన్నిసార్లు పోస్తున్నవ్?"

"మూడు పూటలు."

"మూడు పూటలా! అమ్మ ఎట్లాగు పోయింది, దీన్ని గూడ చంపుతవా?"

నాన్న గోడ గడియారం వైపు చూశాడు.

"మీ అమ్మకు గోలీలేసే టైమిది. రెండేండ్లు పొద్దున, మధ్యాన్నం, సందేల నేనే నీళ్ళిచ్చిన. టైము కాంగనే చెయ్యి దానంతటదే కుండ కాడికి పోతాంది బిడ్డా. ముంచిన నీళ్ళు ఎవరికియ్యాలె?"

నా కోపం తగ్గలేదు. అది ఇప్పుడు నా మీదికే తిరిగింది. ఛీ, నాలుగు నెలలుగా ఒకే ఇంట్లో ఉన్నాం. రోజూ మట్టిలో వేలు పెట్టి చూశానే గాని ఆయన మొహం ఒక్కనాడూ సరిగ్గా చూడలేదు. పైగా ఊళ్ళోవాళ్ళను ఇంటికి పిలిచి తిట్టాను. వచ్చే శుక్రవారం ఏ మొహం పెట్టుకుని ఆ ముసలావిడ ఎదుట కూర్చోవాలి?

డబ్బా బోర్లించాను. వేళ్ళు కుళ్ళి కంపు కొట్టాయి. పైన గట్టిగా ఉన్న జానెడు కాడను కోసి, ఖాళీ గాజు సీసాలో నిలబెట్టి నీళ్ళు పోశాను. గుంజుకున్న గ్లాసు నాన్న చేతికి తిరిగిచ్చాను.

"ఇది నీళ్ళల్లనే బతుకుతది. పాత నీళ్ళు తీసి కొత్తయి పొయ్యి. మూడు పూటలు." అప్పటికీ నా గొంతు కరుకుగానే ఉంది.

"ఏ టైముకు బిడ్డా?"

"అమ్మ గోలీల టైముకే" అన్నాను.