వదిన తెరిచే కొత్త పేజీ

మా వదిన పోయిందన్న కబురు నాకు కోదాడ బస్టాండులో తెలిసింది. బడి అయ్యాక రోజూలాగే సూర్యాపేట బస్సు కోసం నిలబడి ఉన్నాను. చేతిలో ఆమెకోసం జావ పోసిన స్టీలు డబ్బా. అన్న ఫోన్ చేసి, "ఇగ సూర్యాపేట రాకు. సీదా మిర్యాలగూడ పో. ఇంటికే తెస్తున్నం" అన్నాడు. ఆ మాట అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఏడుపు రాలేదు. కొన్ని వారాలుగా బడి, బస్సు, దవాఖాన, మళ్లీ బస్సు. కాళ్లు లాగుతున్నాయి, ఎక్కడైనా కూలబడితే చాలనిపించింది. ఆ జావ ఏం చేయాలో తోచక, హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ దాకా డబ్బాను ఒళ్లోనే పెట్టుకుని పోయాను.

వదిన అంటే మా అన్న భార్య. ఇంటి ముందు గదిలో ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్ పెట్టుకుని డీటీపీ పని చేసేది. పెళ్లి కార్డులు, మా బడి ప్రశ్నపత్రాలు, షాపుల కరపత్రాలు, మనుషులు పోతే పంచే దశదిన కర్మ కార్డులు, అన్నీ ఆమె చేతి మీదుగానే. చుట్టూ రైస్‌మిల్లులు కాబట్టి ఎంత తుడిచినా తవుడులాంటి సన్నటి దుమ్ము వచ్చి కంప్యూటర్ సీపీయూ డబ్బాలో చేరేది. సరిగ్గా ముహూర్తాల రోజుల్లోనే తెర నల్లగా అయిపోయేది. నేనైతే దాన్ని ఎప్పుడో కిటికీలోంచి విసిరేసేదాన్ని. వదిన మాత్రం మూత విప్పి, పెయింటింగ్ కుంచెతో దులుపుతూ, పసిపిల్లకు స్నానం చేయిస్తున్నట్టు దానితో ముచ్చట్లు పెట్టేది.

ఆ విద్య నాకూ కొంత అంటింది, అదీ ఫోన్‌లో. కరోనా రోజుల్లో పిల్లలకు ఆన్‌లైన్ పాఠాలు చెప్పాల్సిన పొద్దున కోదాడలో మా ఇంట్లో కంప్యూటర్ వేస్తే తెర మీద ఏమీ రాలేదు. చిరాకుతో వదినకు ఫోన్ చేశాను.

"మానిటర్ పోయింది వదినా. కొత్తది కొనాలేమో."

"నీ మొకం! దాన్నేమనకు పాపం. లైటు ఎలుగుతున్నదా?"

"వెలుగుతోంది."

"అయితే అది మంచిగనే ఉన్నది. లోపల్నుంచి పంపిస్తెనే గదా అది సూపిచ్చేది. ఎనకాల వైరు గట్టిగ ఉన్నదా? డబ్బల ఫ్యాన్ తిరుగుతున్నదా?"

రెండూ చూసి, బాగానే ఉన్నాయన్నాను.

"జర ఫోన్ డబ్బ కాడ పెట్టు. నేనింట."

పెట్టాను. డబ్బా బీప్, బీప్ అని కూస్తోంది. డాక్టరు గుండె విన్నట్టు అంత దూరం నుంచి విని, "ర్యామ్ అది. కరెంటు తీసెయ్యి. రబ్బరున్నదా? పంతులమ్మవు, నీ కాడ లేకుంటె ఎవరి కాడుంటది?" అంది. మూత విప్పించి, లోపలున్న ఆ చిన్న పట్టీని ఊడదీయించి, దాని బంగారు రంగు అంచును పెన్సిల్ చెరిపే రబ్బరుతో రుద్దించింది. "మెల్లగ! పోరగాండ్ల తప్పులు చెరిపినట్టు గాదు. ఇగ పెట్టు. టక్కుమని సప్పుడు రావాలె."

టక్కుమంది. తెర వెలిగింది. ఎగిరి గంతేసినంత పని చేశాను. "కోదాడ పోయినంక నీ మాట ఆంధ్ర దిక్కు తిరిగింది గని, చెయ్యి మనదే" అని నవ్వింది. అప్పటినుంచి నా హ్యాండ్‌బ్యాగులో ఒక రబ్బరు తప్పకుండా ఉంటుంది.

మీలో కూడా దసరాకు ఇంట్లో మిషన్లకు పూజ చేసేవాళ్లు ఉంటారు. వదిన మానిటర్‌కు, డబ్బాకు, కీబోర్డుకు పసుపు కుంకుమ పెట్టి పూజ చేసేది. ఒక దసరాకు మా అన్న భక్తి ఎక్కువై, కొబ్బరికాయ సరిగ్గా డబ్బా పైనే కొట్టాడు. నీళ్లు లోపలికి పోయాయి. నేను అన్నను నానా మాటలూ అన్నాను. వదిన మాత్రం విప్పిన డబ్బాను డాబా మీద ఎండలో పెట్టి, "పండుగపూట అది గూడ ఒక్కపొద్దున్నది, ఉండనియ్యి" అంది. మర్నాటికి పని చేసింది. ఆ పసుపు బొట్టును ఆమె ఎప్పుడూ తుడవనిచ్చేది కాదు.

ఆమెకొక పట్టుదల ఉండేది. పెళ్లి కార్డుకు పాత ఫైలు తెరిచి పేర్లు మార్చేది, అందరూ చేసేదే. దశదిన కర్మ కార్డుకు మాత్రం ఎంత తొందరున్నా తెల్ల పేజీ కొత్తగా తెరిచేది. ఒకసారి నా ఎదుటే నడిగూడెం నుంచి వచ్చిన ఒకాయన, "అమ్మా, మ్యాటర్ ఒకటే గదా. గా పేరు తీసి మా నాయన పేరు పెట్టు" అన్నాడు. వదిన కుర్చీ చూపించింది. "ఒకరి పేరు మీద ఇంకొకరి పేరు కొట్టద్దు. కూసో, చాయ్ తాగు. ఇంట్ల మీ నాయనను ఏమని పిలుస్తుండిరి?" అని అడిగింది. ఆ పిలుపు కార్డులోకి ఎక్కేది కాదు. అయినా ప్రతివాళ్లనీ అడిగేది, వాళ్లు చెబుతుంటే టైపు చేస్తూ వినేది. నాకు విసుగొచ్చి ఎందుకిదంతా అంటే, "తెల్వని మనిషి పేరు ఎట్ల కొడ్తం?" అంది.

సూర్యాపేట దవాఖానలో కూడా ఆమెకు ఆ కంప్యూటర్ ధ్యాసే. "రోజొకపారి సిస్టం ఆన్ జేస్తున్నరా? వానకాలం, నెమ్ము పడ్తది" అనేది. ఇంటికి తాళం, మేమంతా ఆమె మంచం దగ్గర. ఎవరు వేస్తారు? ఊఁ అనేవాళ్లం.

అందుకే, ఆమె కర్మ కార్డే కొట్టాల్సిన రోజున మీట నొక్కితే తెర నల్లగా ఉండిపోయింది. బయట కొట్టించేద్దామన్నాడు మా చిన్నాయన. మా అన్న అన్నం కూడా సరిగా తినకుండా ఉన్న మనిషి, ఒక్కసారిగా గొంతు పెంచాడు. "ఊరందరి కార్డులు ఈడనే అయినయ్. దానిది బయట కొట్టిస్తమా?" ఆ మాట తర్వాత ఇక నాకు దారి లేదు.

మానిటర్ లైటు వెలుగుతోంది. వైరు గట్టిగానే ఉంది. డబ్బా కూస్తోంది. బ్యాగులోంచి రబ్బరు తీసి, పట్టీని ఊడదీసి రుద్దాను. పెట్టాను. రాలేదు. నడుము విరిగిపోతోంది, కళ్లు మండుతున్నాయి, వదిన మీద కూడా కోపం వచ్చింది. ఫోన్ డబ్బా దగ్గర పెడితే వినేవాళ్లు ఎవరున్నారు? అప్పుడొచ్చింది నాకు ఏడుపు. ఏడుస్తూనే మళ్లీ తీశాను, ఈసారి మెల్లగా రుద్దాను. టక్కుమనేదాకా నొక్కాను.

తెర వెలిగింది.

ఆమె చివరగా చేసిన దశదిన కర్మ కార్డు ఫైలు తెర మీద ఎదురుగానే ఉంది, ఎవరిదో. "అది తెరువు బిడ్డా, పేరు మారిస్తె అయిపాయె. అందరం అలిసినం" అన్నాడు చిన్నాయన. ఆయన మాటలో తప్పేమీ లేదు. నేనూ అలసిపోయి ఉన్నాను. మౌస్ దాని మీదిదాకా పోయింది కూడా. వెనక్కి తీసుకుని, కొత్త పేజీ తెరిచాను.

తెల్ల పేజీ వెలుగులో మానిటర్ మూలన పోయిన దసరా నాటి పసుపు బొట్టు కనిపిస్తోంది. వదిన వేలు అంత ఉంది. అన్నను పక్కన కుర్చీలో కూర్చోబెట్టాను.

"ఇంట్ల వదినను ఏమని పిలుస్తుంటివి అన్నా?"

"పేరు పెట్టి ఎన్నడు పిల్వలే. ఇగో, అంటుంటి. గంతే. ఏ గదిలున్నా వస్తుండె."

నేను కీబోర్డు మీద వేళ్లు పెట్టి కూర్చున్నాను. అన్న ఆ తెల్ల తెర వైపు కాదు, వంటింటి గుమ్మం వైపు చూస్తూ మెల్లగా పిలిచాడు.

"ఇగో."