బానెట్ మీద గంప

మడకశిర బస్సు దారిలో చెడిపోయి రెండు గంటలు ఆలస్యంగా కదిలింది. పక్క సీటామె పట్టుగూళ్ల గంపను హిందూపురం మార్కెట్టుకు తీసుకెళుతోంది. ఒక గూడు చిల్లు పడి, తెల్లని రెక్కల పురుగు నా వేలెక్కింది.

"ఏం తింటుందమ్మా ఇది?"

"దీనికి తిండే లేదన్నా. జతగట్టి, ఐదొందల గుడ్లు పెట్టి సచ్చాది. ఇది లేకుంటే పట్టే లేదు."

ఐదు వందలను గంపలోని గూళ్లతో నేను మనసులో హెచ్చవేస్తుండగానే ఆమె నా వేలి మీది పురుగును నలిపేసింది.

"చిల్లు గూడుకు దారం రాదు. అన్నీ బయటికొస్తే నా పిల్లోళ్లు పస్తే."

లేచి, డ్రైవరు పక్కన కాలుతున్న బానెట్ మీద గంప పెట్టి గోనె కప్పింది. లోపల గీకుతున్న చప్పుడు నలభై నిమిషాలకు ఆగింది. ఆమె చెవి ఆనించి విని, నవ్వింది.

"ఒగటీ కదల్లా. బతికినామన్నా."