వెర్నా పూసిన నెమలికంఠం రంగు

వెర్నా స్ట్రాడ్లీ మా ఊళ్ళో ముప్పై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపింది. తొమ్మిదో నంబరు బస్సు. నేనూ అందులోనే చదువుకోడానికి వెళ్ళాను. ఆవిడ అద్దంలోంచి చూసి "చెయ్యి దించు" అంటే, ఎవరి చెయ్యి అని అడగక్కర్లేకుండా బస్సులో అందరి చేతులూ దిగేవి. ప్రతి స్టాపులో ఎక్కిన వాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టేది. సాయంత్రం ఆఖరి పిల్లని దింపాక కూడా బస్సు చివరి సీటుదాకా నడిచి, కిందకి వంగి చూసి గానీ తాళం వేసేది కాదు. ఒహాయోలో మాలాంటి ఊళ్ళు చాలా ఉన్నాయి, అలాంటి డ్రైవర్లు కూడా ఉండే ఉంటారు. మాకు మాత్రం ఆవిడ ఒక్కతే.

భర్త పోయాక, రిటైరయ్యాక, ఆవిడకి ఏడాదికొక పండగ మిగిలింది. అది హాలోవీన్. కౌన్సిల్ వాళ్ళు ప్రకటించిన రోజున ఆరింటికి ఫైర్ స్టేషన్ సైరన్ మోగుతుంది, ఎనిమిదింటికి మళ్ళీ మోగుతుంది. ఆ రెండు గంటలూ పిల్లలు వేషాలు వేసుకుని ఇల్లిల్లూ తిరిగి మిఠాయిలు అడుక్కుంటారు. వసారా దీపం వెలుగుతున్న ఇంటికే వెళ్ళాలి, ఆరిపోయి ఉంటే దాటిపోవాలి. కొట్లో కొన్న మిఠాయి తప్ప ఇంట్లో చేసింది పుచ్చుకోవద్దని తల్లులందరం పిల్లలకి చెబుతాం, వెర్నాకి మాత్రం మినహాయింపు. వేరుశనగ ముద్దలో పంచదార కలిపి, ఉండలు చుట్టి, సగందాకా చాక్లెట్లో ముంచి, మైనపు కాగితంలో చుట్టి ఇస్తుంది. చిన్నప్పుడు ఆ ఉండ కోసమే నేను రెండు సార్లు వేషం మార్చుకుని వెళ్ళి దొరికిపోయాను.

మా ఇంటి దీపం మూడేళ్ళుగా ఆరిపోయే ఉంది. మా అమ్మాయి మేవిస్‌కి వేరుశనగ పడదు. రెండేళ్ళ వయసులో ఒక బిస్కెట్టు ముక్కకే పెదాలు వాచి, గొంతు పూడుకుపోయి, అంబులెన్సులో నా ఒళ్ళో నీలంగా మారింది. నేను కెమిస్ట్రీ చదివాను, ఊరి నీళ్ళ ప్లాంటులో క్లోరిన్ కొలవడం నా పని. ఎంత చిన్న మోతాదు ఎంత పని చేస్తుందో నాకు పుస్తకాల్లోంచి తెలుసు, అది నా నిద్రకి ఏమీ మేలు చెయ్యలేదు. ఆ సాయంత్రాలు వెనక గదిలో తలుపేసుకుని, టీవీ శబ్దం పెంచి, వీధిలో పిల్లల కేకలు వినబడకుండా గడిపేవాళ్ళం. సంగతి స్కూల్లో తప్ప ఎవరికీ చెప్పలేదు. భయస్తురాలు, పిల్లని దూదిలో పెట్టి పెంచుతోందని అనిపించుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

ఈ ఏడు మేవిస్‌కి ఆరేళ్ళు నిండాయి. టీవీ శబ్దం ఎందుకు పెంచుతామో దానికి అర్థమైపోయింది. వెళ్దామని అడగలేదు, నాన్నతో కూర్చుని అట్టముక్కలతో గుడ్లగూబ ముఖం చేసుకుని నా బల్ల మీద పెట్టి ఊరుకుంది. మా ఆయన డెరిక్, ఎంతకాలం దాస్తావని అడిగాడు. వారం రోజులు వాదించుకున్నాం. చివరికి నేను షరతులు పెట్టాను. సంచిలో పడ్డ ప్రతిదీ ముందు నా చేతికి రావాలి, దారిలో ఏమీ నోట్లో పెట్టుకోకూడదు, ప్రాణం మీదికొస్తే తొడకి పొడిచే మందు సూది నా కోటు జేబులో ఉంటుంది.

డెరిక్‌ని ఇంటి దగ్గర వదిలి మేమిద్దరమే బయల్దేరాం. గంటన్నర బాగానే గడిచింది, అంటే నేను ఊపిరి సరిగ్గా పీల్చకుండా గడిచింది. వెర్నా ఇల్లు వదిలేద్దామనే అనుకున్నాను. కానీ మలుపు తిరిగేసరికి ఆవిడ మెట్ల మీద నెమలికంఠం రంగు పూసిన గుమ్మడికాయ కనబడింది. ఆ రంగు గుమ్మడికాయ గుమ్మంలో ఉంటే, తిండి పడని పిల్లలకి ఇక్కడ భయం లేదు, బొమ్మో పెన్సిలో ఇస్తాం అని అర్థం. మాలాంటి తల్లిదండ్రులు వీధి ఈ చివర నుంచి ఆ చివరకి ఆ రంగునే వెతుక్కుంటూ పోతారు. ఎవరి కోసమో గానీ వెర్నా ఉండలు మానేసిందని అనుకున్నాను. నా కళ్ళు చెమర్చాయి. మొదటిసారి మేవిస్‌ని ఒంటరిగా మెట్లెక్కనిచ్చి నేను కిందే నిలబడ్డాను.

అది తిరిగొచ్చి నా చేతిలో పెట్టింది మైనపు కాగితం పొట్లం.

వాసన చూడక్కర్లేకపోయింది, అయినా చూశాను. మేవిస్ వేలికి చాక్లెట్ మరక ఉంది. నాకావా అని మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ లేదంది. గుడ్డతో చేతులు తుడిచి, ముసుగు తీసి, ఫోను వెలుగులో పెదాలు, మెడ, కళ్ళ కింద చూశాను. ఏమీ లేదు. దాన్ని వెంటబెట్టుకునే మెట్లెక్కి, గుమ్మడికాయకి ఆ రంగు ఎందుకేశారని వెర్నాని అడిగాను.

ఆవిడ ముఖం విప్పారింది. పోయినేడు చర్చి వీధిలో నాలుగు చూసిందట, ఈమధ్య ఇదో ముచ్చట కాబోలు అనుకుందట. వంటింటి తలుపుకి వేయగా రంగు మిగిలితే తనూ పూసిందట. బాగుంది కదూ అంది.

నేను చెప్పాను. ఆ రంగుకి అర్థమేమిటో, మేవిస్‌కి ఏది పడదో. ఆవిడ అడ్డు రాకుండా విని, చేతిలోని పళ్ళెం కింద పెట్టేసింది.

"ఎంత తింటే ప్రమాదం, కోరా?" అని నన్ను పేరు పెట్టి అడిగింది.

"కొందరికి గోటి మీద పట్టేంత చాలు."

ఆవిడ ఏడుస్తుందేమో, సాకులు చెబుతుందేమో అనుకున్నాను. వేళ్ళు ముడవడం మొదలుపెట్టింది. ఈ సాయంత్రం మెట్లెక్కిన వాళ్ళు నలభై ముగ్గురు. ముసుగులేసుకున్నా నడకని బట్టి ఎవరి పిల్లలో తెలుసునంది. ఫలానా మంత్రగత్తె ఫలానా వాళ్ళ రెండోది, పోయినేడూ తింది. ఆ అస్థిపంజరం వాళ్ళమ్మ తన బస్సే ఎక్కింది. గుడ్లగూబని మాత్రం పోల్చుకోలేకపోయానంది, అది ఏనాడూ తన గుమ్మం తొక్కలేదుగా అంది. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. అలా లెక్కపెడుతూ ఒక వేలు దగ్గర ఆగింది.

"ఒక్కడు తెలీదు. మూడేళ్ళవాడు, ఎర్ర పీత వేషం. బండిలో కూచోబెట్టి వాళ్ళ నాన్న లాక్కొచ్చాడు. ఆ గుమ్మడికాయ పెట్టినందుకు చాలా థాంక్సండీ అన్నాడు. రంగు నచ్చిందేమో అనుకున్నాను నేను."

అప్పుడు ఏడూ ముప్పై ఆరు. భద్రమైన ఇల్లని నమ్మిన తండ్రి ఇంటికెళ్ళేదాకా ఆగడని నాకు తెలుసు. నేనైతే ఆగేదాన్ని కాదు.

వెర్నా దీపం ఆర్పేసి, కోటు కూడా వేసుకోకుండా, ఇంట్లో తొడుక్కునే చెప్పులతో దిగింది. నేను కొండ వైపు తిరగబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. పసివాణ్ణి బండిలో లాగేవాడు ఎత్తు ఎక్కడు, కాలిబాట ఉన్న వైపే పోతాడు, అంటే నాలుగో వీధే అంది. డెబ్బై రెండేళ్ళ మనిషి ముందు, మేవిస్‌ని ఈడ్చుకుంటూ నేను వెనక. ఎదురైన ప్రతి గుంపునీ అడిగాం. ఎర్ర పీతా, ఇటే పోయింది. ఒకమ్మాయి పీత కాదు రొయ్య అంది. వెర్నా దాని వంక చూసిన చూపుకి, పీతే లెండి అని ఒప్పుకుంది.

లాండ్రీ షాపు దగ్గర దీపస్తంభం కింద బండి ఆగి ఉంది. తండ్రి గొంతుకూర్చుని ఉన్నాడు, ఒక చేతిలో విప్పిన కాగితం. రెండు వేళ్ళ మధ్య సగం ఉండ. ఎర్ర గుడ్డ డెక్కలు రెండూ చాపి, పిల్లాడు నోరు తెరిచి ఉన్నాడు. మాకూ వాళ్ళకీ మధ్య ఇరవై అడుగులు.

"చెయ్యి దించు," అంది వెర్నా.

గట్టిగా అనలేదు. ఆ తండ్రి ఎన్నడూ ఆ బస్సు ఎక్కినవాడు కాడు. చెయ్యి దిగింది.

దగ్గరికెళ్ళి అందులో పల్లీలున్నాయని చెప్పింది. అతను లేచి నిలబడ్డాడు. ముందు అర్థం కాలేదు, తర్వాత ముఖం పాలిపోయింది.

"మీ ఇంటి ముందు ఆ గుమ్మడికాయ ఉంది కదండీ. అది చూసే కదా నేను..."

"ఉంది. తప్పు నాదే. దానికో అర్థముందని నాకు తెలీదు. నన్ను తిట్టాలంటే తర్వాత తిట్టు నాయనా, ముందు వాడి మూతి చూడు. ఆ మిగతా సగం ఏమైంది?"

మిగతా సగం తనే తిన్నాడు. బాగుందో లేదో చూద్దామని. పిల్లాడికి పల్లీ పడదు, తండ్రికి పడుతుంది, తల్లి ఇంట్లోకే రానివ్వదు కాబట్టి ఏళ్ళ తరబడి ఆ రుచే మరిచిపోయాడు. అదేదో గింజల రుచి అని తోచిందట, కానీ గుమ్మంలో ఆ రంగు చూశాక అనుమానించడం మర్యాద కాదనుకున్నాడట. ఇది చెబుతూ కాలిబాట మీద కూలబడిపోయాడు.

పిల్లాడు తనకి రావాల్సింది రానందుకు ఏడుపు లంకించుకున్నాడు. నేను వాడి మూతి, చేతులు తుడిచాను, సూది జేబులోంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. పావుగంట అక్కడే ఉన్నాం. వాడి మెడ మీద ఎర్రగా కనబడ్డ ప్రతిసారీ ఫోను వెలుగు వేసి చూశాను, ప్రతిసారీ అది వేషం రంగే. వాడి పేరు ఓటిస్. తండ్రి ఆగస్టులో ఈ ఊరొచ్చాడట. వాళ్ళూ ఇదే మొదటిసారి వాణ్ణి బయటికి తేవడం.

వెర్నా ఆ సగం ఉండని కాగితంలో చుట్టి షాపు ముందున్న చెత్తబుట్టలో పడేసింది. ఇక ఇంటికి పోతాను, వచ్చే ఏడు నుంచి నాకీ పండగ లేదు అంది. నాకూ ఇంటికే పోవాలనుంది. తలుపేసుకుని, టీవీ శబ్దం పెంచుకుని. అలా అనబోయే లోపల ఆ తండ్రి నన్ను, మిగిలిన ఇళ్ళలో నమ్మదగ్గవి ఏవో మీకేమైనా తెలుసా అని అడిగాడు. ఊళ్ళో పుట్టి పెరిగినదాన్ని, నిజం చెప్పాలంటే నాకు తెలియదు. రంగు చూసి నమ్మడం తప్ప నేను ఎవరినీ ఏదీ అడిగింది లేదు, ఎవరికీ ఏదీ చెప్పింది లేదు.

"నమ్మకండి. ప్రతి గుమ్మంలోనూ అడగాలి. అంతకన్నా మార్గం లేదు," అన్నాను.

"అయితే నేను అడుగుతా," అంది మేవిస్.

పక్క ఇల్లు పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన లోథర్ గారిది. మేవిస్ ముందు, పీత బండి లాగుతూ తండ్రి వెనక, వాళ్ళ వెనక నేను. అడ్డంగా రాలిన ఆకుల మీద చెప్పులు ఈడ్చుకుంటూ వెర్నా కూడా వచ్చింది, రమ్మని ఎవరూ అనలేదు. తలుపు తెరిచిన ఆయన పిల్లల్ని వదిలేసి ఆవిడ వంకే చూశాడు.

"ఏం వెర్నా, ఈ వయసులో నువ్వూ అడుక్కోడానికి బయల్దేరావా? వేషం బాగుంది."

మేవిస్ ముసుగు పైకెత్తి, నాకు పల్లీలు పడవండీ, వీడికీ పడవు, దీంట్లో ఉన్నాయా అని అడిగింది. ఆయన చాక్లెట్ పొట్లాన్ని దీపం కిందకి పెట్టి, దూరం జరిపి, దగ్గరికి జరిపి, ఉండవనుకుంటానే అన్నాడు.

"అనుకోకు. చదువు," అంది వెర్నా.

"కళ్ళజోడు లోపలెక్కడో ఉంది."

"తెచ్చుకో. మేం ఇక్కడే ఉంటాం."