అందరికీ చించిన కార్డు

అంబుజాక్షి పంపే ప్రతి సందేశం ‘క్షేమం’ అని మొదలవుతుంది. చివర ‘ఇట్లు, అంబుజాక్షి’ అని ఉంటుంది. మధ్యలో ఉండేది ఒక్కోసారి రెండే మాటలు: పాలు విరిగినాయి.

మనవడు ఋత్విక్ నవ్వుతాడు. “అవ్వా, నీ పేరు పైననే కనిపిస్తాండాది కదా. మళ్ళీ కింద ఎందుకు?”

“రాసినాక సంతకం పెట్టల్ల కదప్పా.”

చిక్కబళ్ళాపురంలో కొడుకు ఇంట్లో ఉంటుంది ఆమె. చదువు కన్నడంలో సాగింది కాబట్టి తెలుగు మాటను కన్నడ అక్షరాల్లో రాస్తుంది. ఆ ఇంట్లో అది ఎవరికీ వింత కాదు. ఆమెకు వింత వేరే ఉంది.

కోడలు శ్రీరంజని కాలేజీ ఆఫీసులో పనిచేస్తుంది. పగలు కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు నిండు వాక్యాలు రాస్తుంది, చివర చుక్క పెట్టి మరీ. సాయంత్రం బస్సులోంచి అదే మనిషి బొటనవేలి బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటుంది. ఋత్విక్ అక్షరమే రాయడు. మాట్లాడి పంపుతాడు. ఇతరులు మాట్లాడింది రెట్టింపు వేగంతో వింటాడు. చింతామణిలో ఉండే పిన్ని కూతురు సులోచనమ్మ ఫోన్‌లో ఏదీ చదవదు. పొద్దునపూట కొడుకు పునీత్ జెరాక్స్ అంగడిలో కూర్చుని, అక్కడి కంప్యూటర్‌లో తన సందేశాలు తెరిపించుకుంటుంది. అక్షరాలు పెద్దవిగా కనిపిస్తాయి. ఒక్క వేలితో జవాబు కొడుతుంది. ఫోన్ మాత్రం ఇంట్లో చార్జింగ్‌లోనే ఉంటుంది.

“మనిషి అదే, వేళ్ళు అవే. మాట ఎందుకు మారుతాదే?” అని ఒకరోజు కోడల్ని అడిగింది.

“బస్సులో నిలబడి రాసి చూడండి అత్తమ్మా, తెలుస్తాది.”

మార్కెట్టుకు పోయిన రోజు అంబుజాక్షి సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. కమ్మీ పట్టుకుని రాసింది. ‘వస్తున్నా’ అని మాత్రమే వచ్చింది. క్షేమం రాలేదు. ఆమె ఆ మాటను చాలాసేపు చూసింది.

చిన్నప్పుడు చింతామణిలో అంబుజాక్షి, సులోచన, సులోచన అన్న వాసుదేవ ఒకే ఇంట్లో పెరిగారు. ఇంటికి వచ్చే కార్డులు చదివేది అంబుజాక్షి. పసుపు పూసిన కార్డు అయితే కమ్మీకి గుచ్చేవారు. చావు కబురైతే పద్ధతి వేరు. గడప బయటే నిలబడాలి. ఇంటిల్లిపాదినీ పిలిచి చదవాలి. అందరూ విన్నారని తెలిశాక చించి, అక్కడే పారేసి, స్నానానికి పోవాలి. ఆ కార్డు ఇంట్లో ఉండకూడదు. వాసుదేవ ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేవాడు. అతను వచ్చేదాకా కార్డు ఆమె చేతిలోనే ఉండేది.

ఫోన్ వచ్చినా ఆమె పద్ధతి మానలేదు. కుటుంబం గ్రూపులో చావు కబురు వస్తే చదివి, తన ఫోన్‌లోంచి తీసేసి, కింద రాస్తుంది: ‘చదివినవాళ్ళు తీసేయండి. ఇంట్లో పెట్టుకోకండి.’

బాగేపల్లిలో ఉండే వాసుదేవ కొడుకు వినాయక్ ఒకసారి ఎగతాళి చేశాడు. “అత్తా, ఫోన్‌కు కూడా తలకు పోయల్లనా?”

ఋత్విక్ హాస్టల్‌కు పోతూ గ్రూపు పెత్తనం ఆమెకు అప్పగించాడు. “ఇంగ నువ్వే అడ్మిన్, అవ్వా.” అంటే ఏమిటో ఆమె అడిగింది. అతను చెప్పేలోపు బస్సు వచ్చింది.

కొన్నాళ్ళకు ఒక ఉదయం, కొడుకూ కోడలూ పనికి పోయాక, వినాయక్ సందేశం వచ్చింది. ‘నాన్న పోయినాడు. మధ్యాహ్నం తీసుకుపోతాము.’

అంబుజాక్షి స్టవ్ ఆర్పింది. గడప బయటికి వచ్చి ఇంకోసారి చదివింది. అడ్మిన్ అయ్యాక వచ్చిన మొదటి చావు కబురు ఇదే. తీసేయబోతే ఫోన్ ఎన్నడూ అడగని మాట అడిగింది. నీకు మాత్రమా, అందరికీనా? అందరి ఇళ్ళలోంచీ ఒకేసారి పోతుందంటే మంచిదే అనుకుంది. అందరికీ అని నొక్కింది. తలస్నానం చేసి బస్‌స్టాండుకు బయలుదేరింది.

బస్సు కదిలాక శ్రీరంజని ఫోన్ చేసింది.

“అత్తమ్మా, వినాయక్ ఏం పెట్టినాడు? ఇక్కడ కంప్యూటర్‌లో మీరు తీసేసినట్ల మాత్రం చూపిస్తాండాది.”

“వాసుదేవ అన్న పోయినాడమ్మా. నేను పోతాండా. చదివింటావనుకుంటినే.”

“అయ్యో.” అంది శ్రీరంజని. “చదవనోళ్ళకు ఇంగ ఎట్ల తెలుస్తాది అత్తమ్మా? అందరిదీ చించేసినారు కదా.”

సులోచన గుర్తుకొచ్చింది. తల్లిదండ్రులు పోయాక ఆమెకు పుట్టిల్లంటే వాసుదేవే. మధ్యాహ్నం దాటితే అన్న ముఖం చూడలేదు.

సులోచన ఫోన్ మోగి మోగి ఆగింది. పునీత్ ఎత్తలేదు. బస్సు నిండా జనం. అంబుజాక్షి నిలబడే ఇద్దరికీ రాసింది: ‘వాసుదేవ అన్న పోయినాడు. వెంటనే రా.’ క్షేమం లేదు. సంతకం లేదు. బస్సు పేరేసంద్ర ఊరు దాటింది. ఎవరూ చదివిన గుర్తు రాలేదు. మళ్ళీ ఫోన్ చేసింది. చింతామణిలో ఖాళీ ఇంట్లో అది మోగుతూ ఉంటుందని ఆమెకు తెలుసు.

బాగేపల్లిలో వినాయక్ వాకిట్లో నిలబడి ఉన్నాడు. “సులోచనకు చెప్పినావా?” అంది, చెప్పులు విప్పకుండానే.

“చేసినా అత్తా, ఎత్తలేదు. గ్రూపులో పెడితే అందరికీ చేరుతాది కదా అని...”

ఆమె లోపలికి చూసింది. వాసుదేవ తల దగ్గర సులోచనమ్మ కూర్చుని ఉంది.

అంబుజాక్షి పక్కన కూలబడింది. ఇద్దరూ ఏడ్చారు. తర్వాత ఎప్పటికో, “యాడ చూసినావే?” అని అడిగింది. “నేను తీసేస్తిని కదా.”

“అంగడిలో, కంప్యూటర్‌లో. వినాయక్ పేరుండాది. దాని కింద నువ్వు తీసేసినట్ల ఉండాది.” సులోచనమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. “పొద్దున్నే వచ్చే పూల బొమ్మలు కూడా తీయవు నువ్వు. నువ్వు తీసేది ఒక్కటే కదక్కా. వినాయక్ ఇంట్లో వాడు, అన్న తప్ప ఇంకెవరుండారు? పునీత్ ఫోన్ చేసి అడుగుదామన్నాడు. ముందు బండి తీయప్పా అంటి.”

కార్డు చించితే కబురు ఉండదు. ఇక్కడ చించిన చోటే కబురు చెప్పింది. ఇది ఎవరు కనిపెట్టినారో అనుకుంది అంబుజాక్షి.

వాసుదేవను తీసుకుపోయారు. స్నానాలయ్యాయి. సాయంత్రం అంబుజాక్షి గడప బయట నిలబడి గ్రూపులో మళ్ళీ రాసింది: ‘వాసుదేవ అన్న పోయినాడు. అందరూ విన్నారా? విన్నవాళ్ళు చెప్పండి.’

శ్రీరంజని ఆఫీసు నుంచి నిండు వాక్యం రాసింది. ఋత్విక్ గొంతు వచ్చింది, ఈసారి నెమ్మదిగా. ఎవరో చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. ఒక్కొక్కరే విన్నారు. ఒక్క పేరు మిగిలింది.

“నేను విన్నా కదక్కా. ఇంగ తీసేయి,” అంది సులోచనమ్మ.

“నీ ఫోన్ వినలేదే.”

“అది చింతామణిలో ఉండాది.”

“ఉండనీ. రేపు అంగడికి పోయి చదువు. అప్పుడు చించుతా.”

అంతదాకా దాన్ని ఇంట్లోకి తేకూడదు. అంబుజాక్షి ఫోన్‌ను గడప బయట, చెప్పుల పక్కన పెట్టింది.