సలోజ, హరోజ

సిరిసిల్ల బజారులో మూలికల దుకాణం దాటుతుంటే వసకొమ్ము వాసన ముక్కుకు తగిలి, నా నాలుక దానంతటదే ముడుచుకుపోతుంది. ఇంత వయసొచ్చినా ఆ చేదంటే నాకు ఒళ్లు మంట.

మాది మల్యాల దగ్గర పల్లె. వానాకాలం పొద్దున తడిసిన చూరు కింద కట్టెల పొగ, కాలుతున్న మక్కరొట్టె కమ్మదనం, అరుగు మీద బోర్లించిన లొట్ల పుల్లటి వాసన ఒకదాన్నొకటి నెట్టుకుంటుంటే, నేను పళ్లెం పట్టుకుని "లొట్టె పెట్టు" అని అడిగేదాన్ని. నాకు ‘ర’ పలికేది కాదు. లొట్టి అంటే కల్లు కుండ. కల్లు గీసే మా నాన్న, మా బాపు, నవ్వాపుకోలేక "పొద్దుగాల్నే లొట్టి అడుగుతుంది, నా బిడ్డనే గదా" అనేవాడు. ఇంట్లో అది ముద్దు. బడిలో మాత్రం నన్ను చూడగానే పిల్లలు "లొట్టి అచ్చింది" అని ఎగిరేవాళ్లు. పేరడిగితే "సలోజ" అనాల్సి వస్తుందని నోరు మూసుకున్నాను, సారు పిలిచినా పలికేదాన్ని కాదు. మూగదైపోతానేమోనని అమ్మకు బెంగ పట్టుకుంది.

బాపు తల్లి, బాపమ్మ, కోరుట్ల అంగడి నుంచి వసకొమ్ము తెప్పించి, సానరాయి మీద తేనెతో అరగదీసి రోజూ నా నాలుకకు రాసేది. ఆమెకేమో పళ్లన్నీ ఊడిపోయాయి. ‘స’ అనబోతే గాలి చిగుళ్ల మీదుగా జారిపోయి "హరోజ" అని వచ్చేది. ఇద్దరి నోళ్లూ కలిస్తేగానీ నా పేరు పూర్తయ్యేది కాదు.

"నా నోట్లెకు హూడు బిడ్డా, నాలికె ఎట్ల ఆడుతుందో" అనేది. నేను ఆమె గొంతు మీద అరచేయి ఆనించి కూర్చునేదాన్ని. ముడతల చర్మం కింద మాట సన్నగా వణికేది, వెచ్చటి ఊపిరి నా ముఖానికి తగిలేది, నాలుక కొన అంగిలిని తాకీ తాకకుండా కొట్టుకునేది. నా నాలుక మాత్రం అంగిలికి అతుక్కుపోయి, గాలి పక్కల నుంచి తప్పించుకుని మళ్లీ ‘ల’ అయ్యేది.

తంగేడు పూసే రోజుల్లో ఒక మధ్యాహ్నం, చూరు నీళ్లు చూస్తూ చూస్తూ నాలుకను ఊరికే వదిలేశాను. అది తానే కదిలింది. "బాపమ్మా, రొట్టె" అన్నాను. ఆమె నన్ను ఒళ్లోకి లాక్కుని ఏడ్చేసింది. మర్నాడు బడిలో ఎవరూ అడక్కముందే నా పేరు అరిచి చెప్పాను.

కొన్నాళ్లకు బాపు ఆమెను జగిత్యాల తీసుకెళ్లి పళ్లు కట్టించాడు. వస్తూనే ఖంగున "సరోజా" అని పిలిచింది. ఇంట్లో అందరికీ సంబరమే. నాకు మాత్రం ఎవరో పరాయి మనిషి పిలిచినట్టై, "నువ్వు మా బాపమ్మవు కాదు, పో" అని మూల కూర్చున్నాను. ఆమె నా ముఖం చూసి, పళ్లు తీసి నీళ్ల గిలాసలో వేసి, "ఇటు రా హరోజా" అంది.

ఇప్పుడా చూరు లేదు, లొట్లు లేవు, ఆమె లేదు. అందరూ నా పేరు తప్పు లేకుండా పలుకుతారు. ఒంటరిగా ఉన్నప్పుడు ఆమెలా పిలుచుకుందామని చూస్తాను, గాలి పళ్లకు తగిలి ‘స’ అయిపోతుంది. ఇవీ ఊడిపోయేదాకా ఆ పిలుపు నా నోటికి రాదు.