నీళ్ళు పట్టని గోడ

తొమ్మిదేళ్ళుగా ఒక గోడ బరువు మోస్తున్నాను. మా ఇంటి గోడే. హాలులో పడమటి వైపుది. ఇప్పుడు దాని మీద లేత పసుపు రంగు తప్ప ఏమీ లేదు. ఇంటికి వచ్చినవాళ్ళెవరూ దాన్ని పనిగట్టుకుని చూడరు. నేను మాత్రం పూజగదిలో దీపం పెట్టి వెనక్కి తిరిగిన ప్రతిసారీ చూస్తాను. చూసి తల దించుకుంటాను.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిదయింది. తెలిసినవాళ్ళ ఎదుట నోరు విప్పితే వాళ్ళ ముఖం చూసి సగం మింగేస్తాను. అది నాకు బాగా అలవాటైన పని. నేను బడికి పోలేదు. మా నాయనది ఇటుకల బట్టీ. అచ్చులోంచి తీసి ఆరబెట్టిన పచ్చి ఇటుకల మీద పుల్లతో నాకు అక్షరాలు దిద్దించాడు. తప్పు రాస్తే అరచేత్తో చదును చేసి మళ్ళీ రాయమనేవాడు. ఆ చదువుతోనే ఇది రాస్తున్నాను. వాక్యం కుదరకపోతే మన్నించండి. విషయాన్ని మన్నించమని మాత్రం అడగను.

బుక్కరాయసముద్రంలో మేము ఇల్లు కట్టుకున్నది కరువు రోజుల్లో. మా ఆయన గార్లదిన్నె దగ్గర ఒక బడిలో అయ్యవారు. పొద్దున బస్సెక్కితే సాయంత్రం దిగేవారు. పగలంతా ఇంటి పని చూసుకునేది నేనే. ఇల్లు కట్టుకునే భాగ్యం మాకు కలిగిందంటే స్వామి దయేనని రోజుకు పదిసార్లు అనుకునేదాన్ని. ఇప్పటికీ అనుకుంటాను.

టైల్స్ కోసం అనంతపురం పోయినప్పుడు మా ఆయన తెల్లవి, తళతళలాడేవి ఎంచారు. నాకు అవి ఆస్పత్రి గోడల్లా కనిపించాయి. అంగడి మూలన నిలబెట్టిన ఒక పలక మీద నా కన్ను పడింది. ఎర్రటి ఇటుకలు, మధ్యలో బూడిద రంగు గీతలు. చేత్తో తడిమితే నిజం ఇటుక లాగే గరుకు. నాయన పోయి అప్పటికి ఏడాది. ఆ పలక దగ్గరి నుంచి నేను కదల్లేదు. మా ఆయన నవ్వి, "సరే, నీ పుట్టింటిని తెచ్చి గోడకు అతికించుకో" అన్నారు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే. హాలు గోడకు పలుచటివి, వరండాకూ పూజగదికీ నేలకు వేసే మందపువి, రెండూ ఒకే డిజైనులో తీసుకున్నాం.

పని చేసింది మస్తానన్న. మా వైపు తాపీ పనివాళ్ళను బేల్దారి అంటారు. అప్పట్లో టైల్స్ పనికి ఆయనదే మంచి పేరు. పెద్దగా మాట్లాడడు గానీ, మాట్లాడితే నవ్వకుండా ఉండలేం. టైల్స్ పెట్టె విప్పి చూసి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏమ్మా, ఇటుకల గోడ కట్టిచ్చినారు. దాని మీద ప్లాస్టింగ్ చేపిచ్చుకుంటాండారు. మళ్ళా దాని మీద ఇటుక బొమ్మలు అతికియమంటాండారు. ఊరికే అట్లే ఇడిసిపెట్టింటే అయిపోయేది కదా!"

నేను కొంగు అడ్డం పెట్టుకుని ఎంత నవ్వానో.

ముందు నేల వేశాడు. దానికి నేను నీళ్ళు పట్టాను. అది ఆరే లోపల హాలు గోడకు ప్లాస్టింగ్ చేశాడు. ఆ తర్వాత వజ్రకరూరులో ఎవరిదో పని ఉందని వారం రోజులకు పోతూ పోతూ ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఏడు రోజులు, పొద్దునా సాయంత్రం, గోడకు నీళ్ళు పట్టాలి. గోడ తడి ఆరకూడదు. తడి ఆరితే సిమెంటు పట్టు పోయి పిండి పిండి అవుతుంది. ఆ పైన ఎంత బాగా అతికించినా నిలవదు.

బోరు ఎండిపోయి ఉంది. మూడు రోజులకొకసారి ట్యాంకరు వచ్చి మా సిమెంటు తొట్టి నింపేది. మా ఆయన గట్టిగా చెప్పారు. ఆ తొట్టిలోంచి గోడకు తప్ప చెంబుడు కూడా బయటికి పోకూడదని.

సరిగ్గా ఆ వారమే మా వీధి ఆడవాళ్ళు శివుని గుడిలో వాన మొక్కు పెట్టుకున్నారు. గర్భగుడిలోంచి నీళ్ళు పోయే తూము మూసి, లింగం మునిగేదాకా బిందెలతో నీళ్ళు పోయాలి. అలా ఐదు రోజులు. ప్రతి ఇంటి నుంచీ ఎన్ని వీలైతే అన్ని బిందెలు. తాగడానికే నీళ్ళు లేని ఇళ్ళవాళ్ళు కూడా ఒక్కో బిందె తెచ్చి కళ్ళకద్దుకుని పోశారు. నా ఇంట్లో తొట్టి నిండా నీళ్ళున్నాయి. నన్నెవరూ అడగలేదు. అడిగి ఉంటే, మా ఆయన ఒప్పుకోరని చెప్పేదాన్నేమో. అడగకపోవడం వల్లే పోశాను.

మొదటి రోజు నాలుగు బిందెలు. రెండో రోజు పది. మూడో రోజుకు లెక్క మానేశాను. నీటి కింద లింగం వణుకుతున్నట్లు కనిపించేది. ఆ చల్లదనంలో నిలబడి, ఇంతకంటే మంచి చోటికి నా నీళ్ళు ఎక్కడ పోతాయి అనుకున్నాను. ఇంట్లో గోడ ఎండుతూ ఉంది. తెల్లబడింది. సన్నని వెంట్రుక లాంటి పగుళ్ళు లేచాయి. చూశాను. చూడలేదని చెప్పను.

ఐదో రోజు సాయంత్రం వాన పడింది. వీధి వీధంతా బయటికొచ్చి తడిసింది. నేనూ తడిశాను. ఆ ఆనందంలో నా తప్పు తప్పులా అనిపించలేదు. మిగిలిన రెండు రోజులు గోడకు నీళ్ళు పట్టాను. ఎండిన గోడ ఆ నీళ్ళను చప్పుడు చేస్తూ పీల్చింది.

మస్తానన్న తిరిగొచ్చాడు. గోడ మీద అరచెయ్యి ఆనించాడు.

"తెల్లగా ఉండాదే. నీళ్ళు పట్టినావామ్మా?"

"పట్టినానన్నా."

"రోజూ?"

"రోజూ పట్టినా."

"నువ్వు చెప్పినాక ఇంగ అనుమానమేముండాది లేమ్మా. పూజ చేసుకునే మనిషివి."

ఈ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. నా జవాబును ఎన్నేళ్ళు తిప్పి తిప్పి చూసుకున్నానో మీకు చెప్పాలి. నీళ్ళు పట్టడమంటే గోడను తడపడం. బిందెలో నింపుకోవడాన్ని కూడా నీళ్ళు పట్టడమనే అంటాం. నేను బిందెలకు పట్టాను, రోజూ పట్టాను. కాబట్టి అబద్ధం ఆడలేదు. ఆ క్షణంలోనే, నోట్లోంచి మాట బయటికి రాకముందే, ఈ తెలివి నాకు తోచింది. ఎలా తోచింది? ఎవరు నేర్పారు? అబద్ధం ఆడేవాళ్ళకు కనీసం తాము అబద్ధం ఆడామని తెలుస్తుంది. నేను దేవుడి పేరు అడ్డం పెట్టుకుని, మాటకున్న రెండో అర్థంలో దాక్కుని, చేతులు జోడించుకుని పూజకు కూర్చున్నాను.

గృహప్రవేశం బాగా జరిగింది. గోడ చూసి అందరూ మెచ్చుకున్నారు. మా వదిన, అంటే మా ఆయన అక్క, తన ఇంటికి కూడా అవే వేయించుకుంటానని మస్తానన్నతో మాట్లాడుకుంది.

ఎండాకాలం మధ్యలో ఒక మధ్యాహ్నం ఆ గోడ నడుమ నుంచి పలకలు ఒక్కసారిగా జారి పడ్డాయి. చాప చుట్ట విప్పినట్లు, ప్లాస్టింగ్‌తో సహా. మా పాప అప్పటిదాకా అక్కడే కూర్చుని గవ్వలాడుతోంది. మంచినీళ్ళ కోసం లేచింది. అంతే. స్వామి కాపాడాడు. ఈ ఒక్క మాట అనడానికి నేను ఇప్పటికీ వెనకాడతాను. ఎందుకంటే కాపాడాల్సి వచ్చింది నా వల్లే.

మస్తానన్నను పిలిపించారు. నలుగురూ చూస్తుండగా మా ఆయన అనరాని మాటలన్నారు. బిడ్డ ప్రాణం పోయేదని అరిచారు. మస్తానన్న ఒక పలక ఎత్తి వెనక్కి తిప్పాడు. దానికి ప్లాస్టింగ్ అంటుకునే ఉంది. దాన్ని వేళ్ళతో నలిపితే పిండిలా రాలింది. ఆయన తల తిప్పి నా వైపు చూశాడు. అప్పుడు అడిగి ఉంటే చెప్పేదాన్నా? తెలియదు. ఆయన అడిగే లోపల మా ఆయనే అన్నారు, "ఆమెను చూడాకు. నీళ్ళు పట్టినానని ఆమె చెప్పింది. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు."

మస్తానన్న తల ఊపాడు. ఇసుకలో మన్ను కలిసిందేమో తాను చూసుకోలేదన్నాడు. తప్పు తనదేనన్నాడు. పలకను చప్పుడు కాకుండా నేల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

నేను తలుపు పట్టుకుని నిలబడే ఉన్నాను. నా వంతు మాట అక్కడ ఖాళీగా ఉంది. నేను అనలేదు.

వదిన తన పని వేరేవాళ్ళకు ఇచ్చింది. ఇచ్చి ఊరుకోలేదు, వీధిలో నాలుగిళ్ళకు చెప్పింది. ఆయనకు 'నేల మస్తాను' అని పేరు పడింది. గోడ పెడితే నేలకే వస్తుందని ఎగతాళి. ఇంత జరిగినా మా వరండాలో, పూజగదిలో ఆయన వేసిన నేల మాత్రం ఇప్పటికీ ఒక్క పలక కదల్లేదు. అదే చెయ్యి, అదే సిమెంటు, అదే ఇసుక. ఆ నేలకు నేను నీళ్ళు పట్టాను. తేడా అంతే. రోజూ ఆ నేల మీదే కూర్చుని దేవుడికి దండం పెట్టుకున్నాను.

ఇన్నేళ్ళూ నేను ఒక ఊహతో నన్ను జోకొట్టుకున్నాను. ఆయనకు నిజం తెలుసు, నా పరువు కోసం తన మీద వేసుకున్నాడు, పెద్ద మనసు. అలా అనుకుంటే ఆయన పెద్దవాడయ్యేవాడు, నాకు కొంచెం తేలికయ్యేది.

పోయిన నెల వదిన ఇంట్లో బాత్‌రూం మళ్ళీ కట్టిస్తున్నారు. వేరే మనిషి దొరక్క వదిన మస్తానన్ననే పిలిచింది. నేనక్కడే ఉన్నాను. గోడలకు కూడా టైల్స్ వేయమని ఆమె అడిగితే, ఆయన చాలా మామూలుగా, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్లు చెప్పాడు: "గోడ నా చేతికి రాదమ్మా. నేల అయితే చేస్తా. గోడకు ఎవురినన్నా చూసుకోండి."

ఆ గొంతులో నింద లేదు. దాపరికం లేదు. ఆయన నిజంగానే నమ్మాడు. తొమ్మిదేళ్ళు, తన చేతికి గోడ పని రాదని నమ్మి, గోడ ముట్టకుండా బతికాడు. నేను ఆయన పేరు మాత్రమే పోగొట్టాననుకున్నాను. ఆయన చేతుల మీద ఆయనకున్న నమ్మకాన్ని కూడా తీసేసుకున్నాను.

మరునాడు ఆయన పని చేసే చోటికే పోయాను. ఉపోద్ఘాతం లేకుండా చెప్పాను. గోడకు ఐదు రోజులు చుక్క నీళ్ళు పట్టలేదని, గుడిలో పోశానని, తెలిసే దాచానని. ఆయన తాపీ కింద పెట్టాడు. చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు.

"అయితే నా పని బాగనే ఉన్నింది."

"బాగనే ఉన్నిందన్నా."

"నాకు చెప్పినావు, సరే. నన్ను అన్నోళ్ళకు ఎవురు చెప్తారమ్మా?"

మన్నించానని అనలేదు. నేనూ అడగలేదు. మళ్ళీ తాపీ తీసుకుని పనిలో పడ్డాడు.

ఆ ప్రశ్నను ఇంటికి తెచ్చుకున్నాను. రాత్రి అన్నం వడ్డించి మా ఆయనకు చెప్పాను. కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. "నలుగురిలో ఆ మనిషిని నేనేమన్నానో నీకు గుర్తుండాదా?" అన్నారు. ఉందన్నాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు చొక్కా వేసుకుని, ఎక్కడికని అడగనివ్వకుండా, మస్తానన్న ఇంటికి పోయి వచ్చారు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేదు.

తర్వాత వదినకు చెప్పాను. ఆమె నా ముఖం మీదే, "ఇన్ని దినాలు నాచేత ఆయప్పను అనిపిస్తివి కదే!" అంది. నిజమే. ఆ కోపంలోనే మస్తానన్నకు కబురు పంపి, గోడ కూడా నువ్వే వెయ్యాలని పట్టుబట్టింది. నిన్న ఒక వరస పెట్టి చూశాడట. పొద్దున తానే వచ్చి తడిపి పోయాడట, ఎవరికీ చెప్పకుండా. అది విని కొంచెం నొప్పి, చాలా సంతోషం. ఇక మీదట నీళ్ళ విషయంలో ఎవరి మాటనూ ఆయన నమ్మడు. అది నేను చేసిన నష్టమే. కానీ చెయ్యి మళ్ళీ గోడ మీదికి వచ్చింది. అందుకు స్వామికి ఎన్ని దండాలు పెట్టినా నాకు తనివి తీరదు.

దారిలో ఎదురైతే మస్తానన్న ఇంకా ముఖం తిప్పుకుంటాడు. తిప్పుకోనీ. ఆయనకు ఆ హక్కు ఉంది.

మరి గుడిలో పోసిన నీళ్ళు తప్పా? ఎంత ఆలోచించినా ఔనని అనలేకపోతున్నాను. ఆ వాన నా నీళ్ళకు వచ్చిందా, ఒక్కో బిందె తెచ్చినవాళ్ళ నీళ్ళకు వచ్చిందా, ఊరికే వచ్చిందా, అదీ నాకు తెలియదు. దేవుడికి నేను ఇచ్చింది నావి కాని నీళ్ళు. అంతవరకు తెలుసు. స్వామి దగ్గర ఆ సంగతి ఇంకా మాట్లాడుతూనే ఉన్నాను.

వదిన చెప్పిన నాలుగిళ్ళలో రెండిళ్ళకు పోయి వచ్చాను. మొదటింట్లో తలుపు దగ్గర నిలబడే విని, సరేలే అని లోపలికి పోయారు. రెండో ఇంట్లో ముసలామె, "దీని కోసం ఇంత ఎండలో వస్తివా తల్లీ?" అని మజ్జిగ ఇచ్చింది. నేను తాగి, మళ్ళీ మొదటి నుంచి మొత్తం చెప్పాను. ఆమెకు చెవుడు. గట్టిగా చెప్పాల్సి వచ్చింది. పక్కింటి వాళ్ళు కూడా గోడ మీంచి తొంగి చూశారు. గొంతెత్తి ఆ మాట చెబుతుంటే, సిగ్గుతో పాటు ఊపిరి కూడా లోపలికి దిగింది. ఎన్నో ఏళ్ళుగా అంత లోతుకు దిగలేదు.

ఇంకా రెండిళ్ళున్నాయి. ఈ కాగితాలు మడిచిపెట్టి, చెప్పులేసుకుని బయలుదేరుతాను.